మా గొంతులున్న రేకు డబ్బా

మా ఇంట్లో చరిత్రకు పనికొచ్చే కాగితం ఒక్కటీ లేదు. పట్టాదారు పుస్తకం వుంది, రేషన్ కార్డు వుంది, మా దాదీ వేలిముద్ర వేసిన అప్పు కాగితం వుంది. అంతే. ముస్లింల చరిత్ర అనగానే బళ్ళో మాకు గోలకొండ, చార్మినారు, అసఫ్‌జాహీలు చెప్పారు. పక్క బెంచీ పిల్లలు 'మీరు నవాబులంట కదరా' అని నవ్వేవాళ్ళు. కదిరి మండీలో శనక్కాయ మూటలు మోసిన మా దాదాకు ఆ నవాబులతో ఏం చుట్టరికం? ఆయన ఏ సుల్తాను లెక్కలోకీ ఎక్కలేదు, ఏ పండితుడి పుస్తకంలోకీ ఎక్కలేదు.

మా అటక మీద ఒక బిస్కెట్ల రేకు డబ్బా వుంది. అందులో 41 క్యాసెట్లు. కాగితాల్లో లేని మేమంతా వాటిలో వున్నాం. రెండేళ్ళుగా వాటిని ఒక్కొక్కటే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. ఇది సరదా పని అనుకుని మొదలుపెట్టాను. పది క్యాసెట్లు అయ్యేసరికి ఇది మా చరిత్ర రాసుకోవడమేనని తెలిసొచ్చింది. రాసుకోవడమంటే ఏది వుంచాలి, ఏది తీసెయ్యాలి, ఎవరికి వినిపించాలి అనే తగాదా కూడా. ఆ తగాదా ఇంట్లోనే మొదలైంది.

మాది తనకల్లు. కదిరి మీదుగా మదనపల్లె పోయే దారిలో వస్తుంది. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఆ తర్వాత శ్రీ సత్యసాయి జిల్లా. పేరు మారినా వాన మారలేదు. దేశంలో అతి తక్కువ వాన కురిసే జిల్లాల్లో మా పాత జిల్లా ఒకటి. వాన మీద ఆధారపడిన శనక్కాయే దిక్కు. అది ఎండితే మనుషులు కదులుతారు. కొందరు బెంగుళూరు పోతారు. మా సాయిబుల ఇళ్ళల్లో చాలామందికి ఆ దారి కువైట్ దాకా సాగింది. కదిరి, రాయచోటి, కడప వైపుల నుంచి మగవాళ్ళు డ్రైవర్లుగా, మేస్త్రీలుగా పోయారు. ఆడవాళ్ళు ఇంటిపనికి 'ఖద్దామా'లుగా పోయారు. నీళ్ళు లేని చోటినుంచి ఇంకా నీళ్ళు లేని చోటికి పోయి బతకడం మా తలరాత.

వాళ్ళు తిరిగి వచ్చేటప్పుడు మూడు వస్తువులు తప్పకుండా వచ్చేవి. అత్తరు సీసా, పొడుగు దుప్పటి, టూ-ఇన్-వన్ టేప్ రికార్డర్. హాలండు కంపెనీ ఫిలిప్స్ 1963లో మొదటిసారి బయటికి తెచ్చిన ఈ చిన్న క్యాసెట్ ఇరవై ఏళ్ళు తిరిగేలోగా మా మట్టిమిద్దెల దాకా వచ్చింది. పట్నాల్లో దాన్ని పాటల కోసం కొన్నారు. మేం ఉత్తరాల కోసం వాడుకున్నాం.

ఎందుకో చెప్పాలి. మా అబ్బాకు బళ్ళో నేర్చిన తెలుగు అక్షరాలు వచ్చు. అమ్మీకి అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుని ఖురాన్ చదవడం వచ్చు. రాయడం ఏ లిపిలోనూ రాదు. ఇద్దరూ ఇంట్లో మాట్లాడుకునేది దఖ్నీ. దానికి మా ఇంట్లో లిపే లేదు. మరి అమ్మీ అబ్బాకు ఉత్తరం ఎట్లా రాయాలి? పోస్టుమాన్‌నో, అయ్యవారినో బతిమాలుకోవాలి. మొగుడికి చెప్పుకునే మాట ముందు పరాయి మగాడికి చెప్పాలి. ఆయన దాన్ని 'నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను' అనే తెలుగులోకి మార్చి రాస్తాడు. అందులో అమ్మీ ఎక్కడుంది? క్యాసెట్ వచ్చాక ఆ అయ్యవారు మధ్యలోంచి తప్పుకున్నాడు. తలుపు గడియ పెట్టుకుని, ఎర్ర బటన్ నొక్కి, 'అజీ...' అని అమ్మీ నేరుగా మాట్లాడింది. మా ఆడవాళ్ళు చదువుతో పనిలేకుండా తమ మాట తాము పంపుకున్న మొదటి సాధనం అదే. దీన్ని ఏ అక్షరాస్యత ఉద్యమం లెక్కలోనూ రాయలేదు.

కేరళ మాప్పిళ్ళ ముస్లింలలో గల్ఫ్ విరహం మీద 'కత్తు పాట్టు' అనే ఉత్తరాల పాటలే పుట్టాయి. ఇరాన్‌లో 1978-79 రోజుల్లో పారిస్ దగ్గర వున్న ఖొమైనీ ప్రసంగాలు క్యాసెట్లలోనే ఇంటింటికీ చేరాయి. కైరోలో టాక్సీల్లో, కొట్లలో మోగే ధర్మబోధల క్యాసెట్ల మీద చార్లెస్ హిర్ష్‌కైండ్ 2006లో పెద్ద పుస్తకమే రాశాడు. మన దేశంలో క్యాసెట్ల మీద పీటర్ మాన్యుయెల్ 1993లో రాశాడు. చౌక క్యాసెట్ పెద్ద కంపెనీల గుత్తాధిపత్యాన్ని ఎట్లా విరిచిందో, అయోధ్య ఉద్యమ కాలంలో అదే క్యాసెట్ ద్వేష ప్రసంగాలను ఎట్లా మోసిందో రెండూ చెప్పాడు. ప్రసంగాల గురించి, పాటల గురించి పండితులు బాగానే పట్టించుకున్నారు. తలుపు గడియ పెట్టుకుని మాట్లాడిన అమ్మీలు కూడా ఆ రీళ్ళ మీద వున్నారు.

ఇంగ ఈ క్యాసెట్ల లెక్క ఒకటుంది. క్యాసెట్ కొనడానికి డబ్బులు కావాలి. అందుకని అబ్బా పంపిన దాని మీదే అమ్మీ జవాబు రికార్డు చేసి, సెలవు మీద వచ్చి తిరిగిపోయే మనిషి చేతికి ఇచ్చేది. అబ్బా అది విని, దాని మీదే మళ్ళీ మాట్లాడి పంపేవాడు. ఒక మాట పుట్టాలంటే ముందు మాట చచ్చిపోవాలి. అట్లా ఒకే రీలు మీద ఏళ్ళ తరబడి కాపురం నడిచింది. మాకు మిగిలింది ఆఖరి మాటలే.

13వ నెంబరు క్యాసెట్ మీద అబ్బా చేతిరాతతో 'జూలై 90' అని వుంది. అమ్మీ దానికి జవాబు మొదలుపెట్టి, ఇంకా పంపకముందే 1990 ఆగస్టు 2 వచ్చింది. సద్దాం సైన్యం కువైట్‌లోకి దిగింది. రేడియో తప్ప కబురు లేదు. లక్షా డెబ్భై వేల మందికి పైగా భారతీయులను ప్రభుత్వం విమానాల్లో వెనక్కి తెచ్చింది; ఎక్కువమంది ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి అక్కడ విమానం ఎక్కినవాళ్ళే. అబ్బా ఒంటి మీద బట్టలతో వచ్చాడు. పెట్టె లేదు, టేప్ రికార్డర్ లేదు, ఆయన దగ్గర దాచుకున్న క్యాసెట్లు లేవు. జవాబు పంపే అవసరం పోయింది కాబట్టి ఆ ఒక్క జూలై క్యాసెట్ చెరగకుండా మిగిలింది. యుద్ధం మా ఇంట్లో ఎన్ని గొంతులు మింగిందో లెక్క లేదు, ఒకటి మాత్రం వదిలిపెట్టింది.

అందులో అబ్బా ఏమన్నాడు? పెద్ద విశేషమేమీ లేదు. శనక్కాయ ఎన్ని మూటలయ్యాయి, అప్పు వాళ్ళకు ఎంత కట్టావు, పిల్లోడికి జరం తగ్గిందా. మధ్యలో కాసేపు ఏమీ మాట్లాడడు. ఏసీ చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఆ చప్పుడును నా మేనల్లుడు తీసేద్దామన్నాడు.

వాడి మాట మీద నాకు మొదట కోపం రాలేదు. కంప్యూటర్‌లో చప్పుడు తుడిచే సాధనాలున్నాయి, వాడికవి బాగా వచ్చు. ఒక క్యాసెట్‌ను అట్లా శుభ్రం చేసి వినిపించాడు. అమ్మీ గొంతు అద్దంలా వచ్చింది. వెనక రోలు చప్పుడు పోయింది, కోళ్ళు పోయాయి, వీధి కొళాయి దగ్గర బిందెల తగాదా పోయింది, దూరాన అజాన్ పోయింది. అమ్మీ ఏ వూళ్ళో కూర్చుని మాట్లాడుతుందో తెలియకుండా పోయింది. మా వాడిది తప్పేమీ లేదు, యంత్రానికి తనకల్లు అంటే ఏంటో తెలియదు కదా. అప్పటినుంచి ఒకటే నియమం పెట్టుకున్నాం: వచ్చింది వచ్చినట్టు ముందు దాచాలి, శుభ్రం చేసింది ఎప్పుడూ రెండో ప్రతి.

పనిలో పడాలనుకునేవాళ్ళకు కొన్ని చెప్తాను. మొదట్లో నేను మూడు క్యాసెట్లను ఒక షాపుకు ఇచ్చాను. వాళ్ళు సన్నటి ఎంపీత్రీలు చేసి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. మాట లేని చోటల్లా కత్తిరించేశారు, ఒక రీలు నలిగిపోయింది. తర్వాత పాత డెక్ ఒకటి కొని బాగుచేయించి నేనే కూర్చున్నాను. డెక్ తల మీద ఏళ్ళ మురికి వుంటుంది. ప్రతి క్యాసెట్ ముందూ స్పిరిట్ తడిపిన దూదితో తుడవాలి. దూదికి మా దూదేకుల జేజమ్మలే ఆధారం అని నవ్వుకుంటాను. రీలును మొదట ఒకసారి చివరిదాకా ముందుకూ వెనక్కీ తిప్పితే బిగుసుకున్నది సర్దుకుంటుంది. తల కోణం రికార్డు చేసిన మిషన్‌ది ఒకటి, వినే మిషన్‌ది ఒకటి అయితే గొంతు దుప్పటి కప్పుకున్నట్టు వస్తుంది. తల పక్కనున్న చిన్న మరను పిసరంత తిప్పుతూ వినాలి. సకారం స్పష్టంగా పలికిన చోట ఆపాలి. డెక్ లైన్ అవుట్‌ను యూఎస్‌బీ పెట్టె ద్వారా కంప్యూటర్‌కు కలిపి, వేవ్ ఫైలుగా ఎక్కించాలి. శబ్ద భాండాగారాల అంతర్జాతీయ సంఘం కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వుండాలంటుంది. ఆ లెక్కన ఒకే ఛానెల్‌లో గంట మాటకు 500 ఎంబీ పైన పడుతుంది. మా డబ్బా మొత్తం 41 గంటలు, 21 జీబీ చిల్లర. ఒక సినిమా ప్రేమికుడి ఫోనులో అంతకంటే ఎక్కువ వుంటుంది. మూడు ప్రతులు చేశాను, ఒకటి వేరే వూళ్ళో వుంది. ఎంపీత్రీ వినడానికి బాగుంటుంది, దాచడానికి పనికిరాదు. అది చెవికి తెలియదనుకున్నదాన్ని పారేస్తుంది, పారేసింది తిరిగి రాదు.

బ్యాటరీల సంగతి మరీ విచిత్రం. మా వూళ్ళో కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి బ్యాటరీల మీదే రికార్డు చేసేవాళ్ళు. బ్యాటరీలు నీరసించే కొద్దీ రీలు నిదానంగా తిరుగుతుంది. అట్లా రికార్డయింది మంచి డెక్‌లో వేస్తే గొంతు వేగంగా, సన్నగా వస్తుంది. 9వ నెంబరులో అమ్మీ చివరికి వచ్చేసరికి పదేళ్ళ పిల్లలా మాట్లాడుతుంది. కరెంటు మీద చేసినవైతే అడుగున 50 హెర్ట్జ్ గుంయ్‌మనే చప్పుడు వుంటుంది, దాన్ని కొలిచి వేగం సరిచెయ్యొచ్చు. బ్యాటరీ వాటికి ఆ ఆధారం లేదు. అమ్మీనే పక్కన కూర్చోబెట్టుకుని 'ఇది నీ గొంతేనా' అని అడుగుతూ సరిచేశాను.

కరువు మాకు చేసిన మేలు ఈ ఒక్కచోట కనిపించింది. టేపును తినేది తేమ, బూజు. మా గాలిలో తేమ తక్కువ; ముప్పై ఏళ్ళ రీళ్ళు చాలావరకు చెక్కు చెదరలేదు. ఎండ మాత్రం తన పని తాను చేసింది. వేడికి చుట్టలో ఒక పొర మీది మాట పక్క పొరకు అంటుకుంటుంది. అందుకని కొన్ని చోట్ల అబ్బా చెప్పబోయే మాట ఒక క్షణం ముందే దూరంగా, సన్నగా వినిపించి, తర్వాత అసలు మాట వస్తుంది.

రీళ్ళు మిగిలినా వాటిని తిప్పే మిషన్లు మిగలడం లేదు. యునెస్కో, ఆ శబ్ద సంఘం కలిసి 2019లో అయస్కాంత టేపుల గురించి ప్రపంచానికి హెచ్చరిక ఇచ్చాయి: మిషన్లు, విడిభాగాలు, వాటిని బాగుచేసే మనుషులు మాయమైపోతున్నారని, 2025 తర్వాత ఈ పని చాలాచోట్ల కుదరదని. పెద్ద గ్రంథాలయాలను వుద్దేశించి అన్న మాట అది. 1982లో మొదలై, సంగీతం, జానపదం దాచే కేంద్రం ఒకటి గుర్గావ్‌లో వుంది. అక్కడివి చేరాల్సిన చోటికి చేరినవి. అటక మీద డబ్బాలు ఎవరి పూచీ?

ఇక భాష. దఖ్నీకి గోలకొండ, బీజాపూరుల్లో నాలుగొందల ఏళ్ళనాటి కావ్యాలున్నాయి, నిజమే. మా వూరి అమ్మీలు మాట్లాడే దఖ్నీ ఆ కావ్యాల్లో దొరకదు. అది 'నక్కో', 'హౌ', 'కైకూ' అంటుంది. 'వస్తానని చెప్పాడు' అనడానికి 'ఆతుఁ బోల్కే బోల్యా' అంటుంది. ఆ 'బోల్కే' ఏమిటో తెలుసా? అచ్చంగా మన 'అని'. ఉత్తరాది ఉర్దూ వాడు ఆ చోట 'కి' పెట్టి వాక్యం తిప్పేస్తాడు. మేం తెలుగువాడిలాగా మాట చివర 'అని' తగిలిస్తాం. తురకోళ్ళు పరాయివాళ్ళని ఊరేగింపుల్లో అరిచేవాళ్ళు మా అమ్మీ వాక్యం ఒక్కటి విడగొట్టి చూడాలి. వందల ఏళ్ళ పొత్తు లేకుండా వ్యాకరణం అట్లా కలవదు. మా ఉర్దూ పెద్దలు కూడా చూడాలి. వాళ్ళకు మా మాట గలత్ ఉర్దూ.

29వ నెంబరు 1993 జనవరి నాటిది. కువైట్ విడుదలయ్యాక అబ్బా మళ్ళీ పోయాడు. బాబ్రీ కూలి నెల దాటింది. అమ్మీ గొంతు తగ్గించి దఖ్నీలో బొంబాయి సంగతి చెప్తోంది, రేడియోలో విన్నది. తలుపు చప్పుడవుతుంది. వెంటనే గొంతు పెరిగి తెలుగులోకి మారుతుంది: 'రా అక్కా, కూచో, ఆయనకు క్యాసెట్ చేస్తావుండా.' పక్కింటి కాపు పెద్దమ్మ. ఆమె రికార్డర్ దగ్గరికి వంగి, 'ఏం నాయనా బాగుండావా, వాన లేదు, రాబాకు' అని అబ్బాకు చెప్తుంది. ఇద్దరూ నవ్వుతారు. ఆ గొంతు తగ్గడం భయమా, ఏ ఇంటి మాటైనా తగ్గించి చెప్పుకునే అలవాటా? ఎన్నిసార్లు విన్నా తేలలేదు. అమ్మీని అడిగితే 'గుర్తు లేదు' అంటుంది. మొదట్లో అది భయమేనని రాసుకున్నాను, తర్వాత కొట్టేశాను. పెద్దమ్మ నవ్వు కూడా అదే రీలు మీద వుంది కదా.

ప్రభుత్వం దగ్గర మేం ఒక అక్షరం. దూదేకుల వాళ్ళు బీసీ-బి. 2007లో 14 ముస్లిం సమూహాలకు 4 శాతం ఇచ్చినప్పుడు షేక్‌లమైన మేం బీసీ-ఇ. అప్పుడు సర్టిఫికెట్ కోసం తిరుగుతూ మాతృభాష గడిలో ఏం రాయాలో తెలియక నిలబడ్డాను. ఉర్దూ అని రాస్తే చదవడం రాదు, తెలుగు అని రాస్తే అమ్మీ ఒప్పుకోదు. దఖ్నీ అని రాస్తే గుమాస్తా ఒప్పుకోడు.

పీర్ల పాటల దగ్గర అసలు తగాదా వచ్చింది. మా దాదీ పీర్ల పండగకు హసన్ హుసేన్ల మీద పాడేది. పక్కింటి దూదేకుల జేజి తెలుగులో ఎత్తుకుంటే దాదీ దఖ్నీలో అందుకునేది. గుండం చుట్టూ తిరిగేవాళ్ళలో సాయిబుల కంటే బోయలు, కురుబలు, కాపులే ఎక్కువ. మా పాత జిల్లాలోనే నార్పల మండలం గూగూడులో కుళ్ళాయప్ప పీరు దగ్గరికి ఎంత జనం వస్తారో చూడండి. ఆ వూరి మీద అఫ్సర్ 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశాడు. దాదీ పాటలు ఒక క్యాసెట్ రెండు పక్కలా రికార్డు చేసి, చెరిగిపోకుండా దాని పైరేకులు విరిచి పెట్టారు.

ఆ క్యాసెట్‌ను చెరిపింది నేనే. ఎవరి మీదా నింద వేయను. 1994లో నాకు పదిహేనేళ్ళు. వూళ్ళోకి బయాన్ల క్యాసెట్లు రావడం మొదలైంది. బాబ్రీ తర్వాత తల ఎత్తుకుని నిలబడాలనే ఆకలి మాకు వుండేది. ఆ బయాన్లలో గట్టి గొంతు, శుద్ధమైన ఉర్దూ, నువ్వు తక్కువ కాదనే మాట వున్నాయి. పీర్లు షిర్క్ అని కూడా వుంది. విరిచిన రేకుల చోట కాగితం ముక్కలు కుక్కి, దాదీ పాటల మీద బయాన్ రికార్డు చేశాను. దాదీకి చెప్పాను కూడా. ఆమె 'పోనీలేరా, మళ్ళీ పాడ్తా' అంది. మళ్ళీ పాడే సంవత్సరం రాలేదు.

బయాన్ల మీద నాకు ఇప్పుడు కోపం లేదు. అవసరమైన రోజుల్లో వచ్చాయి. ఒక గొంతు నిలబడడానికి ఇంకో గొంతును తుడవాలని మాకు ఎవరు నేర్పారు, నేనెందుకంత త్వరగా నేర్చుకున్నాను అనేదే నన్ను తొలుస్తుంది.

అమ్మీ ఒక షరతు పెట్టింది. 'పాటలు అందరివి, ఇచ్చుకో. నేను మీ అబ్బాకు చెప్పినవి అందరివీ కావు.' చరిత్ర అనీ, ఆడవాళ్ళ గొంతు అనీ చాలా చెప్పాను. 'ఆ అయ్యవారిని నేను వద్దనుకున్నది దేనికి?' అంది. జవాబు లేదు. ఉత్తరాల ఫైళ్ళు ఇంట్లోనే వుంటాయి. 29 గురించి ఇక్కడ రాసింది ఆమెను అడిగి రాసిందే, 13 గురించి రాసింది అబ్బా మాట వరకే. ఆమె జవాబు వున్న రెండో పక్క నేనూ వినలేదు. కంప్యూటర్‌ను తిరగనిచ్చి, స్పీకర్ కట్టేసి ఎక్కించాను.

రీలు ఖాళీ అనిపించినా చివరిదాకా తిప్పడం నాకు అలవాటు. ఆ బయాన్ క్యాసెట్ మొదటి పక్క 26 నిమిషాలకు దువాతో అయిపోయింది. పక్కకు 30 నిమిషాలు. టక్‌మని ఒక చప్పుడు, ఆ వెంటనే పాట మధ్యలోంచి దాదీ. కింద జేజి గొంతు, డప్పు, పిల్లల కేకలు. నేను అప్పట్లో మీట ఆపేసి లేచిపోయానే తప్ప మిగిలింది చెరపడానికి కూర్చోలేదు. నాలుగు నిమిషాలు చిల్లర మిగిలాయి. అమ్మీ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గడప మీద నిలబడింది. రెండో పక్క తిప్పాను. అక్కడ బయాన్ రీలు చివరిదాకా వుంది.

ఇంకా తొమ్మిది మిగిలాయి. 34వ దానికి లోపలి స్పంజి ముక్క ఊడిపోయింది. రేపు దాని మరలు విప్పి, పాడైపోయిన సినిమా పాటల క్యాసెట్ నుంచి ఒకటి తీసి అంటించాలి.